బి. గోపాల్ ఫ్యాక్షన్ సినిమాలు సీమకు మేలు చేసినాయా, చేటు చేసినాయా?

హంద్రీగట్టు, కర్నూలు

పోయిన నెల మా పాపను బెంగుళూరులో కాలేజీలో చేర్పించడానికి పోయినాను. హాస్టలు కోసం తిరుగుతాంటే ఒక పెద్దాయన కలిసినాడు. తెలుగాయనే, కోస్తా నుంచి వచ్చి ఎన్నో ఏండ్లుగా అక్కడే ఉన్నాడు. ఏ ఊరమ్మా అని పాపను అడిగితే కర్నూలు అనింది. "అయితే మీ ఇంట్లో బాంబులు ఉంటాయా?" అన్నాడు నవ్వుతా. చెడ్డమనిషి కాదు. హాస్టలు చూపించింది కూడా ఆయనే. కానీ తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా పాప, "నాయనా, ఇంగ ఎవరన్నా అడిగితే హైదరాబాద్ అని చెప్తా" అనింది. అప్పట్నుంచి ఆ మాట నా నెత్తిలో తిరుగుతానే ఉంది.

అందుకే ఇక్కడ అడుగుతాండా. డైరెక్టర్ బి. గోపాల్ గారి సినిమాలు మనకు ఏం చేసినాయి?

1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి. 2001 సంక్రాంతికి నరసింహనాయుడు. 2002 జూలైలో ఇంద్ర. మూడున్నరేండ్లలో మూడు పెద్ద హిట్లు. మూడింటికీ మాటలు పరుచూరి సోదరులవి, సంగీతం మణిశర్మది. వాటి వెనకాల ఎంతమంది వరస కట్టినారో చూడండి. ఒక్క 2002 లోనే సీమసింహం, ఆది, ఇంద్ర, చెన్నకేశవరెడ్డి వచ్చినాయి. సుమోలు, వేటకొడవళ్లు, తెల్లచొక్కాలు. వాటిలో గోపాల్ గారిది ఇంద్ర ఒక్కటే. కానీ దారి వేసింది ఆయనే అని నా నమ్మకం.

నేను బయట నిలబడి రాళ్లేసే మనిషిని కాదు. డిగ్రీ రెండో సంవత్సరంలో సమరసింహారెడ్డి మూడుసార్లు చూసినా, మూడుసార్లూ ఈలేసినా. నరుక్కోవడం చూపించినారని కూడా నా ఫిర్యాదు కాదు. ఆ రోజుల్లో మన పల్లెల్లో ఫ్యాక్షన్ లేదని ఎవరన్నా అంటే నేనే ఒప్పుకోను. నా బాధంతా భాష గురించి. ఆ సినిమాలో హీరో సీమ మనిషే, పెద్దింటి రెడ్డే. కానీ ఆయన మాట పుస్తకంలో మాట మాదిరి ఉంటాది. విలన్ వేసిన జయప్రకాశ్ రెడ్డి నోరు తెరిస్తే మాత్రం మా వీధి చివర అరుగు మీద మనిషి మాట్లాడినట్టే ఉంటాది. మంచోని నోట్లో మన మాట లేదు, చెడ్డోని నోట్లో ఉంది. ఇది ఒక సినిమాతో పోలేదు. "ఏందిరా", "యాడికి పోతాండావ్" అని ఎవరన్నా అంటే చాలు, వింటున్నోడికి కొడవలి కనపడేంతగా అలవాటైపోయింది. మా పాప హైదరాబాద్ అని చెప్తా అనింది ఊరి పేరుకు భయపడి కాదు, తన మాటకు తానే భయపడి.

మీరేమంటారు?

ఏడురోడ్లు, కడప

అన్నా, పాప మాటకు నాకూ కష్టంగానే ఉంది. కానీ ఆ బరువంతా ఒక డైరెక్టరు మీద పెట్టడం న్యాయం కాదు.

ముందు గోపాల్ గారి దారి చూడండి. ప్రకాశం జిల్లా మనిషి. రాఘవేంద్రరావు గారి దగ్గర పని నేర్చుకున్నాడు. 1986 లో ప్రతిధ్వనితో మొదలుపెట్టినాడు. దాన్నే హిందీలో తీసినాడు. కలెక్టర్ గారి అబ్బాయిని హిందీలో తీసినప్పుడు దిలీప్ కుమార్‌నే డైరెక్ట్ చేసినాడు. 1990 లో బొబ్బిలిరాజా, లారీ డ్రైవర్. 1991 లో అసెంబ్లీ రౌడీ. 1992 లో రౌడీ ఇన్‌స్పెక్టర్. పోలీసు, అడవి, లారీ, అసెంబ్లీ. ఏ లోకం ఇస్తే ఆ లోకంలో హీరోను నిలబెట్టే పనివాడు. తన కథలు తాను రాసుకునే మనిషి కాదు. సమరసింహారెడ్డి కథ విజయేంద్రప్రసాద్ గారిది. నరసింహనాయుడు, ఇంద్ర కథలు చిన్నికృష్ణవి. ఫ్యాక్షన్ ఒక లోకంగా ఆయన చేతికి వచ్చింది, తీసినాడు.

ఇంకోమాట. కర్నూలు ఫ్యాక్షన్‌ను పెద్ద హిట్ సినిమాలోకి తెచ్చింది ఆయన కాదు. 1997 లో జయంత్ సి. పరాన్జీ తీసిన ప్రేమించుకుందాం రా అప్పటికే వచ్చింది. జయప్రకాశ్ రెడ్డి అందులోనే ఫ్యాక్షన్ నాయకుడు. మీ కొండారెడ్డి బురుజును ఊరూరా తెలిసేటట్టు చేసింది కూడా గోపాల్ గారు కాదు, 2003 లో గుణశేఖర్ తీసిన ఒక్కడు సినిమా.

ఇంగ ఆయన పనితనం. నేను కడపలో సమరసింహారెడ్డి మొదటిరోజు చూసినా. మొదటి సగమంతా బాలకృష్ణ హోటల్లో పనిచేసే అబ్బులు. చెల్లెళ్ల కోసం తల వంచుకుని బతికే మనిషి. హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు ఆయనెవరో. సినిమా పేరే అది, బయట కటౌటు ఉంది. తెరమీద ఉన్నోళ్లకు మాత్రం తెలీదు. ఆ తేడా మీదనే ఒక గంటకు పైగా నడిపిస్తాడు. ఒకడు వచ్చి తిడతాడు, హీరో ఊరుకుంటాడు. మనకు ఒళ్లు మండుతాది. ఇంకొకడు చెయ్యి వేస్తాడు, ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడాన్ని ఎంతసేపు సాగదీయాల, ఎప్పుడు తెంపాల అనేది గోపాల్ గారికి తెలిసినంతగా ఆ కాలంలో ఇంకొకరికి తెలీదు. రజనీకాంత్ బాషాలో ఆ లెక్క ముందే ఉందని అంటారు, ఉంది. కానీ లెక్క తెలిసినోళ్లంతా ఆ సినిమా తీయలేకపోయినారు కదా.

కథ ఎంత ముఖ్యమో కూడా ఆయన కెరీరే చెప్తాది. 2002 జూలైలో ఆయనవే రెండు సినిమాలు వారం తేడాతో వచ్చినాయి. 18న అల్లరి రాముడు, 24న ఇంద్ర. అదే చెయ్యి, అదే నెల. ఒకటి మామూలుగా పోయింది, ఒకటి ఊరూరా ఆడింది. తర్వాత పలనాటి బ్రహ్మనాయుడు, నరసింహుడు నిలబడలేదు. ఒక్క మనిషే ఒక ప్రాంతం పేరు చెడగొట్టేంత బలవంతుడైతే ఈ సినిమాలు కూడా ఆడాల కదా?

నాపరాయి, తాడిపత్రి

ఇద్దరికీ నమస్కారం. నేను ఆ కాలంలో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా ఉన్నాను. సినిమా రీళ్ల బాక్సు వెంట ఊరూరు తిరిగి, టికెట్లు లెక్క చూసి, రోజూ డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ల లెక్క, పంపించే పని. గుంతకల్లు, ఉరవకొండ, కదిరి, ధర్మవరం. కొన్నిచోట్ల ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడేది. ఇక్కడ రీలు అయిపోతానే డబ్బాలో పెట్టి మోటారుసైకిలు మీద ఇంకో హాలుకు ఉరికేవాళ్లు.

అందుకని ఆ సినిమాలు నేను తెర వైపు కంటే కుర్చీల వైపే ఎక్కువ చూసినా. మొదటి నాలుగు రోజులు మగపిల్లలు. అరుపులు, కాగితాలు, టెంకాయలు. అది ఏ పెద్ద హీరో సినిమాకైనా ఉంటాది. సమరసింహారెడ్డికి రెండో వారం నుంచి మ్యాట్నీకి ఆడవాళ్లు వచ్చినారు. పల్లెల నుంచి ట్రాక్టర్లలో వచ్చినారు. వాళ్లు వచ్చింది సుమోల కోసం కాదు. చచ్చిపోయిన ఒక మనిషి పేరు పెట్టుకుని, వాని చెల్లెళ్లకు అన్నగా బతికే ఇంకో మనిషి కథ కోసం. చెల్లెళ్ల సీన్లు వచ్చినప్పుడు హాలంతా ముక్కులు చీదేది. నేను వెనకాల నిలబడి విన్నా. సినిమాను వంద రోజులకు నడిపించింది ఆ ఏడుపే. తర్వాత వచ్చిన డైరెక్టర్లు సుమోలు తీసుకున్నారు, ఏడుపు వదిలేసినారు. అందుకే శానా బాక్సులు రెండో వారానికే వెనక్కి పోయినాయి.

ఇంకొక విషయం ఎవరూ చెప్పలేదు. సినిమా వ్యాపారంలో మన పేరేందో తెలుసు కదా? సీడెడ్. నైజాం, సీడెడ్, ఆంధ్ర. 1800 లో నిజాం మన జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించినాడు. అప్పుడు పడిన పేరు. తెలుగులో దత్తమండలాలు అన్నారు. దత్తత పోయిన పిల్లల మాదిరి. ఆ పేరు బాగలేదని 1928 లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు, చిలుకూరి నారాయణరావు గారు ఇచ్చిన పేరు అది. ప్రభుత్వం మార్చుకుంది, పుస్తకాలు మార్చుకున్నాయి. సినిమా వాళ్లు మాత్రం ఇప్పటికీ సీడెడ్ రైట్స్ ఎంత అనే అడుగుతారు. మనం వాళ్లకు మొదట్నుంచీ ఒక ఏరియా, ఒక రేటు. ఆ రేటుకు తగ్గ సరుకు తీసినారు. గోపాల్ గారు ఆ లెక్క బాగా తెలిసిన మనిషి, అంతే. తప్పంతా తీసినోళ్లదే అనను. ఆ డీసీఆర్‌లు రాసి పంపించినోణ్ని నేనే.

మీకు గర్వంగా ఉండే మాట కూడా ఒకటి చెప్తా. తెలుగు కమర్షియల్ సినిమాకు నడక నేర్పిన కె.వి. రెడ్డి గారు మా తాడిపత్రి ఆయన. 1951 లో పాతాళభైరవి, 1957 లో మాయాబజార్. బి.ఎన్. రెడ్డి గారిది పులివెందుల వైపు. ఆయనకు 1974 సంవత్సరానికి ఫాల్కే అవార్డు వచ్చింది. కె.వి. రెడ్డి గారు 1947 లో యోగి వేమన తీసినారు. వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. అంటే సీమ మనిషిని హీరోగా పెట్టి, కొడవలి లేకుండా, సీమ మనిషే తీసిన సినిమా మనకు ఎప్పుడో ఉంది. ఆ దారి ఎందుకు ఆగిపోయిందో నాకు ఇప్పటికీ బాధే.

హంద్రీగట్టు, కర్నూలు

నాపరాయి అన్నా, మ్యాట్నీ ఆడవాళ్ల సంగతి నాకు తెలీదు. మేము సెకండ్ షోకు పోయేవాళ్లం. మీరు చెప్పినాక ఆలోచిస్తాండా.

ఏడురోడ్లు తమ్ముడూ, నువ్వు పనితనం గురించి చెప్పినావు, నేను భాష గురించి అడిగినాను. దానికి జవాబు రాలేదు.

ఏడురోడ్లు, కడప

చెప్తానన్నా. జయప్రకాశ్ రెడ్డి గారు ఎక్కడాయనో మీకు నాకంటే బాగా తెలుసు. మీ ఉమ్మడి కర్నూలు జిల్లా సిరివెళ్లలో పుట్టినాడు. నాటకాల మనిషి, పంతులుగా పనిచేసినాడు. ఆయన మాట్లాడింది ఎవరో రాసిచ్చి బట్టీ కొట్టించిన యాస కాదు, ఆయన ఇంట్లో మాట. అంతకుముందు మన మాట తెరమీద ఎంతసేపు వినపడేది? వినపడినా నవ్వించడానికే. ఆయన వచ్చినాక మొదటిసారి ఆ మాటకు బరువు వచ్చింది. మా మాట వింటే భయపడతారు అని మీకు బాధ. మా మాటను చిన్నచూపు చూడరు అని నాకు అప్పట్లో గర్వం. నేను హైదరాబాద్‌లో కోచింగ్‌కు పోయినప్పుడు "ఏందన్నా" అంటే రూములో పిల్లోళ్లు నవ్వేవాళ్లు. 1999 తర్వాత నవ్వలేదు. అది భయమే కావచ్చు. ఇరవై ఏండ్ల పిల్లోనికి నవ్వు కంటే భయం మేలు అనిపించింది. ఇది నిజం, దాచుకోను.

హీరో నోట్లో ఎందుకు పెట్టలేదు అంటే, అది తప్పే. ఒప్పుకుంటా. హీరో మాట అన్ని ఏరియాల్లో ఆడాల అని భయపడినారు. ఆ భయం పోవడానికి శానా ఏండ్లు పట్టింది. 2018 లో అరవింద సమేతలో ఎన్టీఆర్ సీమ మాటలో మాట్లాడితే ఎవరూ ఇబ్బంది పడలేదు కదా.

నంద్యాల 02

అన్నలకు నమస్తే. నేను 2002 లో పుట్టినా, ఇంద్ర వచ్చిన ఏడు. ఆ సినిమాలన్నీ ఫోన్లో, టీవీలో చూసినవే. ఇంద్ర మాత్రం 2024 ఆగస్టులో మళ్లీ రిలీజ్ అయినప్పుడు హాల్లో చూసినా.

ఇంజినీరింగ్ విజయవాడలో చదివినా. మొదటి వారంలోనే సీనియర్లు లేపి నిలబెట్టి, నంద్యాలా, అయితే తొడకొట్టు అన్నారు. కొట్టినా. క్లాసంతా చప్పట్లు కొట్టినారు. ఆరోజు నుంచి నన్ను ఎవరూ ఏడిపించలేదు, "రెడ్డీ" అని పిలిచేవాళ్లు. నేను రెడ్డిని కాదు. ఆ సంగతి నాలుగేండ్లు చెప్పలేదు. చెప్తే ఆ మర్యాద పోతాదని. మా ఇంట్లో మగ్గం పని. సినిమాల్లో సీమ అంటే ఒక కులం, ఒక పెద్ద ఇల్లు. మగ్గం నేసేవాడు, దూదేకులాయన, బండ కొట్టేవాడు ఆ ఇంటి ముందు గుంపులో నిలబడతారు. మా నాయన కూడా గోపాల్ గారి ఫ్యానే. నేను అడిగితే, "గుంపులో ఉన్నా ఉన్నట్టే కదరా" అన్నాడు. నాకు అట్లా అనిపించలేదు.

చిత్రావతి, ధర్మవరం

నంద్యాల తమ్ముడి మాట చదివాక నేనూ రాయాలనిపించింది. నేను స్కూల్ టీచర్ని.

మీరందరూ హీరో గురించి, విలన్ గురించి మాట్లాడుతున్నారు. నేను అదే డైరెక్టర్‌ని ఆయన మొదటి సినిమాతోనే కొలుస్తాను. ప్రతిధ్వనిలో శారద గారు పోలీసు అధికారి. కథంతా ఆమె భుజాల మీద ఉంటుంది. బొబ్బిలిరాజాలో వాణిశ్రీ గారు ఎదురుగా నిలబడకపోతే వెంకటేశ్ పాత్రకు ఆ పొగరు ఎక్కడిది? 1995 లో విజయశాంతి గారితో స్ట్రీట్ ఫైటర్ తీశారు. ఆడమనిషిని కథ మధ్యలో నిలబెట్టడం చేతకాని దర్శకుడైతే నేను ఈ మాట అనను. చేతనయిన మనిషి. అలాంటాయన సీమలోకి వచ్చేసరికి ఆడవాళ్లు ఏమయ్యారు? పాటకు ముగ్గురు హీరోయిన్లు, ఏడవడానికి చెల్లెళ్లు, తెల్లచీరలో ఒక ముసలమ్మ.

ఫ్యాక్షన్ ఊళ్లలో అసలు కథ ఆడవాళ్లది. మా పెద్దమ్మ సంగతి చెబుతాను. పెదనాన్న మీద కేసు ఉండేది. చేసింది ఎవరో, ఇరికించింది ఎవరో, అదంతా వదిలేయండి. ఏడేళ్లు వాయిదాలు. వాయిదా రోజు తెల్లవారుజామున లేచి, సంగటి కెలికి, క్యారియర్ కట్టుకుని, అనంతపురం బస్సెక్కేది. కోర్టు ముందు చెట్టు కింద కూర్చునేది. సాయంత్రం దాకా పిలవరు. పిలిస్తే ఇంకో తారీఖు. ఆ ఏడేళ్లలో ఆరెకరాల చెనిక్కాయ చేను ఆమే చూసింది. విత్తనాలకు అప్పు, వకీలుకు అప్పు. వాన పడని ఏడు రెండు అప్పులూ కలిసేవి. మా జిల్లాలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడేదే వాన, అదీ పదునుకు పడదు. పెదనాన్న చివరికి కేసు కొట్టేసి ఇంటికి వచ్చేసరికి చేను సగం అమ్ముడుపోయింది. వచ్చాక ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, వాకిట్లో మంచమేసుకుని పడుకునేవాడు.

ఇందులో ఒక్క సుమో లేదు. కానీ ఇది సినిమా కాదని ఎవరంటారు? గోపాల్ గారికున్న పట్టుతో, ఊరుకోవడాన్ని సాగదీసి చూపించే ఆ నేర్పుతో, చెట్టు కింద క్యారియర్ పెట్టుకుని కూర్చున్న ఆడమనిషిని చూపిస్తే జనం చూసేవాళ్లు. శారద గారిని చూశారు కదా.

నాపరాయి గారూ, మ్యాట్నీకి ట్రాక్టర్లలో వచ్చిన ఆడవాళ్లలో మా పెద్దమ్మ కూడా ఉండే ఉంటుంది. ఆమె ఏడ్చింది ఆ చెల్లెళ్ల కోసమే అని మీరు అనుకున్నారు. నేను అనుకోను.

నాపరాయి, తాడిపత్రి

అమ్మా, ఆ మాట నాకు ఇన్నేండ్లలో తట్టలేదు.

ఏడురోడ్లు, కడప

చిత్రావతి అక్కా, మీరు చెప్పింది కాదనలేను. ఒక్కటి మాత్రం అడుగుతా. కరువు ఆయన సినిమాల్లో బొత్తిగా లేదనకండి. ఇంద్రలో సీమ కరువు, నీళ్లు కథలోకి వచ్చినాయి. చిరంజీవి లాంటి హీరో సినిమాలో ఎండిపోయిన భూమిని చూపించి, ఇది వీళ్ల కష్టం అని చెప్పడం చిన్న విషయం కాదు. మన నాయకులు నీళ్ల గురించి ఎన్ని సభలు పెట్టినా బయటి జిల్లాల్లో ఎవరికీ పట్టలేదు. ఆ సినిమా చూసి మా మేనమామ వాళ్ల తెనాలి స్నేహితుడు, నిజంగా మీకు అంత కరువా అని అడిగినాడట.

పాతబస్టాండ్, కర్నూలు

రెండు రోజుల్నుంచి చదువుతాండా. రాయాల్నా వద్దా అని ఆలోచించి రాస్తాండా. ఊరి పేరు రాయను, ఎవరూ అడగొద్దండి.

మా నాయన ఊరు విడిచి కర్నూలుకు వచ్చినప్పుడు నాకు ఆరేండ్లు. రాత్రి పూట వచ్చినాము. మా చిన్నాయన పోయినాడు. తర్వాత మా నాయన వంతు అని అందరికీ తెలుసు, ఆయన తిరిగి వాళ్లను కొట్టాల అని మా వాళ్లే ఎగదోసినారు. ఆయన ఆ రెండూ కాకుండా మమ్మల్ని లేపుకుని బండెక్కించినాడు. ఊళ్లో ముప్పై ఎకరాల మనిషి. కర్నూల్లో ఒక హోటల్లో లెక్కలు రాసినాడు, తర్వాత పాత బస్టాండు దగ్గర టీ బంకు పెట్టుకున్నాడు. ఏ ఊరు పెద్దాయనా అని ఎవరన్నా అడిగితే ఆదోని అని చెప్పేవాడు. మేము ఆదోని ఎప్పుడూ చూడలేదు. స్కూల్లో నేను కూడా ఆదోని అనే చెప్పినా. లారీవాళ్లు టీ తాగి డబ్బులు ఎగ్గొట్టి తిట్టిపోయేవాళ్లు. మా నాయన తల వంచుకుని గ్లాసులు కడిగేవాడు. నాకు అప్పుడు ఆయనంటే కోపం.

1999 లో నేనే ఆయన్ను సమరసింహారెడ్డికి తీసుకుపోయినా. అప్పటికి ఆయనకు అరవై దాటినాయి. సినిమాలు చూసే మనిషి కాదు. మొదటి సగం కదలకుండా చూసినాడు. హోటల్లో ఆ మనిషి ఒదిగి ఉండేది చూస్తాంటే, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నా పెండ్లిలో కూడా ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. ఇంటర్వెల్ తర్వాత అసలు కథ మొదలై, హీరో సీమలో ఎట్లా బతికినాడో చూపిస్తాంటే లేచినాడు. బయట సైకిల్ స్టాండు దగ్గర బీడీ కాల్చుకుంటా నిలబడినాడు. నేనూ పోయినా. "ఇంతవరకు మనదేరా. ఇంగ మిగిలింది వాళ్లది" అన్నాడు. సినిమా అయిపోయేదాకా ఇద్దరమూ బయటే ఉన్నాము.

నేను దాని మీద శానా ఏండ్లు ఆలోచించినా. ఆ డైరెక్టరు మూడు సినిమాల్లోనూ అదే చేసినాడు. హోటల్లో అబ్బులు. నరసింహనాయుడులో డ్యాన్సు మాస్టరు. ఇంద్రలో కాశీలో టాక్సీ నడిపే మనిషి. ముగ్గురూ ఊరిడిచినోళ్లే. ముగ్గురూ పేరు దాచుకున్నోళ్లే. అది కల్పన కాదు. కర్నూలు, అనంతపురం, హైదరాబాదు, బెంగుళూరు, బళ్లారి, ఎక్కడ చూసినా అట్లాంటి మనుషులు ఉన్నారు. వాచ్‌మన్లుగా, మేస్త్రీలుగా, టీ బంకుల్లో. వాళ్లను చూసినాడో లేదో, వాళ్ల ఒదుగుడు మాత్రం ఆయనకు దొరికింది. అందుకు నాకు ఆయనంటే గౌరవం.

కానీ ఆయన సినిమాలో ఒదిగుండడం అంటే ఒక వేషం. ఎప్పుడు తీసేస్తాడా అని జనం కాచుకుని ఉండాల. తీసేసినాక, కండువా వేసుకుని నిలబడినాకనే ఆయన మగోడు. మా నాయనది వేషం కాదు. అదే ఆయన చేసిన పెద్ద పని. ఎగదోసినోళ్ల మాట విని ఉంటే నేను ఈరోజు ఇది రాస్తా ఉండను, నా కొడుకులు ఉండరు, అవతలోళ్ల కొడుకులూ ఉండరు. ఆ సంగతి నాకు ఆ పొద్దు సైకిల్ స్టాండు దగ్గర తెలిసింది. హంద్రీగట్టు తమ్ముడు భాష అన్నాడు, చిత్రావతమ్మ ఆడవాళ్లు అనింది. రెండూ నిజమే. నాకు నొప్పి ఎక్కడంటే, మొదటి సగం మనిషిని అంత బాగా చూపించి, వాణ్ని చిన్నోన్ని చేసి, రెండో సగం మనిషిని పెద్దోన్ని చేసినాడు. హాల్లో ఈలేసిన పిల్లోళ్లు ఇంటికి పోయి, గ్లాసులు కడిగే నాయనను చూసి ఏమనుకుంటారు? నేను చిన్నప్పుడు అనుకున్నదే అనుకుంటారు.

హంద్రీగట్టు, కర్నూలు

అన్నా, మీరు రాసింది మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించినా. ఈలేసినోళ్లలో నేను ఉన్నాను.

నేను మొదట వేసిన ప్రశ్న కొంచెం మార్చుకుంటాండా. భాష విలన్‌కు ఇచ్చినారు అన్నాను. మీరు చెప్పినాక చూస్తే, మొదటి సగంలో ఊరు విడిచినోనికి భాషే లేదు, దాచుకోవాల. అది కూడా నిజమే కదా. మా పాప హైదరాబాద్ అని చెప్తా అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. మీ నాయన ఆదోని అని చెప్పినట్టే చెప్పింది.

కానీ ఒక తేడా ఉంది, దాన్ని మాత్రం విడిచిపెట్టను. మీ నాయన దాచుకున్నది ప్రాణం కోసం. మా పాప దాచుకోవాల్సి వచ్చింది ఒక సినిమా బొమ్మ వల్ల. ఆ బొమ్మ చేసినోళ్లు జవాబు చెప్పాల్సిందే.

ఏడురోడ్లు, కడప

పాతబస్టాండ్ పెద్దాయనా, మీ నాయనకు దండం.

నేను ఇంకా గోపాల్ గారి పక్షమే. ఒకటి మాత్రం చెప్తా. మీరు చెప్పిన కథను, అంటే తల వంచుకున్నోడు తల వంచుకునే గెలిచే కథను, ఆడేటట్టు తీయొచ్చు. 2010 లో రాజమౌళి మర్యాద రామన్న తీసినాడు. సీమ ఫ్యాక్షన్ ఇల్లే, హీరో భయస్తుడు, కత్తి పట్టడు, ఆడింది. కమర్షియల్ సినిమాకు అది చేతకాదు అని ఎవరూ అనలేరు. గోపాల్ గారికి ఆ కథ ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే, ఇంటర్వెల్ దాకా తీసినంత బాగా చివరిదాకా తీసేవాడని నా నమ్మకం. ఆదివారం సమరసింహారెడ్డి మళ్లీ చూస్తా. ఈసారి ఇంటర్వెల్ వరకే.

చిత్రావతి, ధర్మవరం

పాతబస్టాండ్ గారూ, అడగొద్దన్నారు, ఊరి పేరు అడగను. మీ నాన్నగారు పోయాక మీరు ఎప్పుడైనా ఆ ఊరికి వెళ్లారా?

పాతబస్టాండ్, కర్నూలు

ఒకసారి పోయినానమ్మా. పెద్ద కొడుకును తీసుకుని పోయినా. మా ఇల్లు ఉండే చోట గోడలు కూడా లేవు, బండలు ఎవరో పెరుక్కుపోయినారు. చేను నేను గుర్తుపట్టలేదు. మా చిన్నప్పుడు చెనిక్కాయ వేసేవాళ్లు, ఇప్పుడు చీనీ తోట, డ్రిప్పు పైపులు. తోటలో ఒక పిల్లోడు ఉన్నాడు, ముప్పై ఏండ్లుంటాయి. అవతలోళ్ల మనవడు అని మొగం చూస్తే తెలిసింది. ఎండన పడి వచ్చినారు అని నీళ్లిచ్చినాడు, రెండు చీనీకాయలు కోసిచ్చినాడు. ఏ ఊరు పెద్దాయనా అని అడిగినాడు.

కర్నూలు అని చెప్పినా.